ఓరియంటలిస్టుల రాతలకు ముస్లిం పండితులు చదివి జవాబు చెప్పలేదా?

స్రవంతి_హిస్టరీ
మా ఎంఏ సెమినార్‌లో విలియం మ్యూర్ అనే ఓరియంటలిస్టు (తూర్పు దేశాల భాషలు, మతాలు చదివి రాసే పడమటి పండితుడు) రాసిన ప్రవక్త జీవితచరిత్ర మీద చర్చ జరిగింది. 1858-61 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చింది. ముహమ్మద్ ఖడ్గమూ, ఖురానూ నాగరికతకు, స్వేచ్ఛకు, సత్యానికి ప్రపంచం చూసిన అత్యంత మొండి శత్రువులని చివర్లో తేల్చేస్తాడు. ఇదంతా అయ్యాక ఒకాయన లేచి, ఇలాంటి పుస్తకాలకు ముస్లింల నుంచి కోపమే తప్ప చదువుకుని రాసిన జవాబు రాలేదు, 1978లో ఎడ్వర్డ్ సయీద్ 'ఓరియంటలిజం' పుస్తకం వచ్చేదాకా ఎవరూ నోరు మెదపలేదు అన్నారు. గదిలో ఎవరూ కాదనలేదు. నాకు ఆ మాట మింగుడు పడటం లేదు, కానీ చూపించడానికి పేర్లు లేవు. తిట్లు వద్దు, పొగడ్తలు వద్దు. ఎవరు ఏం రాశారో, ఎలా రాశారో చెప్పండి.

పాతబస్తీ_కుర్రాడు
ఒక్కరూ లేరా!! సర్ సయ్యద్ పేరు కూడా వినలేదా ఆయన?

కర్నూలు_కరీం
అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సంగతి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఆయన జవాబు రాసింది సరిగ్గా ఈ మ్యూర్ పుస్తకానికే.

మ్యూర్ ఉత్త రచయిత కాదు. 1868లో వాయవ్య రాష్ట్రాలకు (ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో చాలా భాగం) లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు. సయ్యద్ అహ్మద్ అదే ప్రాంతంలో, బనారస్‌లో, న్యాయశాఖ ఉద్యోగి. అంటే తన మీద అధికారం ఉన్న దొర పుస్తకాన్ని, పేరు పెట్టి, అచ్చులో ఖండించాలి. 1857 తర్వాత ముస్లిం పెద్దమనుషుల మీద సర్కారుకు ఎంత అనుమానం ఉండేదో చదువుకున్నవాళ్లకు తెలుసు. అయినా 1869లో కొడుకులతో లండన్ వెళ్లి, ఇండియా ఆఫీసు లైబ్రరీలో, బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని చదివాడు. తనకు రాని భాషల్లో ఉన్న పుస్తకాలను డబ్బిచ్చి అనువాదం చేయించుకున్నాడు. మిత్రుడు మొహ్సినుల్ ముల్క్‌కు రాసిన ఉత్తరాల్లో, మ్యూర్ రాతలు చదివి గుండె మండిపోతోందని, బిచ్చమెత్తుకోవాల్సి వచ్చినా జవాబు రాసి తీరతానని అన్నాడు. 1870లో లండన్‌లోనే ఇంగ్లీషులో అచ్చయింది. ఉర్దూలో 'ఖుత్బాతె అహ్మదియా'గా తర్వాత వచ్చింది.

కోపం ఉంది, నిజమే. కానీ ఆ కోపంతో ఏం చేశాడో చూడండి. మ్యూర్ ఎక్కువగా ఆధారపడ్డ రచయితల్లో వాకిదీ అనే తొలినాటి అరబీ చరిత్రకారుడు ఒకడు. హదీసుల (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల) పండితుల్లో ఎక్కువమంది వాకిదీని నమ్మదగ్గవాడిగా లెక్కపెట్టలేదు. మూలాన్ని పరీక్షించకుండా దాని మీద తీర్పు ఎలా ఇస్తారని సయ్యద్ అహ్మద్ అడిగాడు. అదే పరీక్ష మన జనంలో తిరిగే అద్భుత కథలకూ పెట్టాడు. అందుకే మ్యూర్‌ని ఖండించినవాడిని మౌల్వీలు మెచ్చుకోకపోగా కాఫిర్ అన్నారు.

గోదారి_గట్టు
కరీం భాయ్ పోస్టు చదివేలోగా చాయ్ చల్లారింది. పర్లేదు, ఇంకోటి పెట్టుకుని వస్తా, ఆపకండి.

డల్లాస్_రఘు
కరీం గారు చెప్పిన వివరాలు నిజమే, కానీ దాన్ని నేను ఇంకోలా చదువుతాను. సర్ సయ్యద్ వాదన మొత్తం ఎక్కడ తిరుగుతుంది? ఇస్లాం ప్రకృతి నియమాలకు విరుద్ధం కాదు, సైన్సుకు అడ్డు కాదు, మీ నాగరికతకు మేం తగినవాళ్లమే. ప్రశ్నలు యూరప్ వాళ్లవి, మార్కులు వేసేదీ వాళ్లే. 1891లో సయ్యద్ అమీర్ అలీ రాసిన 'ది స్పిరిట్ ఆఫ్ ఇస్లాం' కూడా అంతే. చాలా అందమైన ఇంగ్లీషు, విక్టోరియన్ పాఠకుడికి నచ్చే ప్రవక్త. దీన్ని జవాబు అనాలా, వకాల్తా అనాలా?

నసీమ్_గుంటూరు
రఘు గారూ, అభియోగం మోపిన చోట వకాల్తా పుచ్చుకోవడం తప్పెలా అవుతుంది? ఎదుటివాడు అధికారంలో ఉన్నాడు, పుస్తకాలు అతని భాషలోనే ఉన్నాయి, మన పిల్లల పాఠాల్లోకి అవే వస్తున్నాయి. అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పకపోతే ఎవరు వింటారు?

డల్లాస్_రఘు
తప్పని అనలేదు నసీమ్ గారూ. అందులో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుందంటున్నాను.

లైబ్రరీ_మూల
రఘు గారి మాటే ఆ రోజుల్లో ఒకాయన చాలా ఘాటుగా అన్నాడు, అదీ హైదరాబాదులో కూర్చుని. యూరప్ పెత్తనాన్ని ఎదిరించిన ఆలోచనాపరుడు జమాలుద్దీన్ అఫ్గానీ. 1879 తర్వాత కొంతకాలం నిజాం రాజ్యంలో ఉండి, సర్ సయ్యద్ అనుచరులను 'నేచరీ'లంటూ (ప్రకృతే సర్వమనేవాళ్లని) పారశీకంలో ఒక ఖండన రాశాడు. ఆయన దృష్టిలో సర్ సయ్యద్ బ్రిటిష్ వాళ్లకు మేలు చేస్తున్నాడు. ఆయన శిష్యుడు ముహమ్మద్ అబ్దుహు దాన్ని తర్వాత బీరూట్‌లో అరబీలోకి తెచ్చాడు.

ఇక అసలు ఘట్టం 1883లో. ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ పారిస్‌లో సోర్బాన్‌లో ఇస్లాం, సైన్సు అనే విషయం మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఇస్లాం శాస్త్రానికి గొంతు నులిమిందని, అరబ్బుల బుద్ధికి తత్వశాస్త్రం పట్టదని, అరబీలో రాసిన గొప్పవాళ్లు చాలామంది అరబ్బులే కారని అన్నాడు. అఫ్గానీ అప్పుడు పారిస్‌లోనే ఉన్నాడు. ఉపన్యాసం అచ్చయిన పత్రికలోనే మే నెలలో ఆయన జవాబు వచ్చింది.

అందులో ఆయన రెనాన్ మాట సగం ఒప్పుకుంటాడు! మతం అన్నది ఏదైనా స్వేచ్ఛగా ఆలోచించేవాళ్లకు అడ్డం పడింది, ఇస్లాం కూడా పడింది అంటాడు. కానీ అది ఒక జాతి లక్షణం కాదు. క్రైస్తవ సమాజం కూడా అదే దశ దాటి వచ్చింది, ముస్లిం సమాజం దానికంటే కొన్ని శతాబ్దాలు చిన్నది, రేపు అది దాటదని మీకెలా తెలుసు అని అడుగుతాడు. జాతి పేరు చెప్పి తలుపు మూసేసిన వాదాన్ని చరిత్ర వైపు తిప్పాడు. నాకు పంతొమ్మిదో శతాబ్దపు జవాబులన్నిటిలో ఇది బలమైనదిగా కనిపిస్తుంది.

భాస్కర్_బెజవాడ
ఆగండి. హైదరాబాదులో నేచరీలు మతం చెడగొడుతున్నారన్నవాడు, పారిస్‌లో మతం సైన్సుకు అడ్డమని ఒప్పుకున్నాడా? ఇది రెండు నాలుకల ధోరణి కాదా?

లైబ్రరీ_మూల
ఆ ప్రశ్న చరిత్రకారులు కూడా అడిగారు భాస్కర్ గారూ. ఆ జవాబు అరబీలోకి రాకుండా అబ్దుహు స్వయంగా ఆపించాడు. పారిస్ పాఠకులకు ఒక మాట, బజారులో జనానికి ఇంకో మాట అనే జాగ్రత్త ఇద్దరికీ ఉండేది. నేను దాన్ని నాలుకల లెక్కలో చూడను. సామ్రాజ్యాల మధ్య దేశం నుంచి దేశానికి తిరుగుతూ, తరిమివేయబడుతూ రాసిన మనిషి ఆయన.

భాస్కర్_బెజవాడ
నేను అలాగే చూస్తాను. చదివేవాడిని బట్టి మారే మాటను జవాబుగా ఎలా తీసుకోను?

పాతబస్తీ_కుర్రాడు
అఫ్గానీ హైదరాబాదులో ఉన్నాడా! మా గల్లీ పెద్దలకు ఈ రోజే చెప్తా.

కర్నూలు_కరీం
హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి. సర్ సయ్యద్ ఉత్తరాలు అందుకున్న మొహ్సినుల్ ముల్క్ 1874 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు నిజాం కొలువులోనే ఉన్నాడు. సర్ సయ్యద్ బాటలో నడిచిన రచయిత చిరాగ్ అలీని సాలార్‌జంగ్ ఇక్కడికి రప్పించాడు. ముస్లిం పాలనలో సంస్కరణలు అసాధ్యమని మాల్కం మెకాల్ అనే పాదిరి లండన్ పత్రికలో రాస్తే, చిరాగ్ అలీ 1883లో ఇంగ్లీషులో ఒక పూర్తి పుస్తకమే అచ్చువేశాడు. ఫిఖ్, అంటే ఇస్లాం న్యాయశాస్త్రం, తర్వాతి న్యాయవేత్తలు కాలాన్ని బట్టి కట్టుకున్నది, దేవుడు దింపింది కాదు, కాబట్టి మార్చుకోవచ్చు అన్నాడు. 1885లో జిహాద్ మీద ఇంకో పుస్తకం. ప్రవక్త యుద్ధాలు ఆత్మరక్షణ కోసమేనని మూలాలు పట్టుకుని వాదించాడు. రోజూ కొలువులో ఫైళ్లు చూసే మనిషి చేసిన పని ఇది. మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు నిజంగా బాధ.

ఉర్దూ చరిత్రకారుడు షిబ్లీ నోమానీ కూడా 1901 నుంచి 1905 దాకా ఇక్కడే పనిచేశాడు. అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని ఖలీఫా ఉమర్ తగలబెట్టించాడనే కథ మీద ఆయన వ్యాసం దొరికితే చదవండి. ఘటన జరిగిందంటున్నది ఏడో శతాబ్దంలో. కథ మొదట కనిపించేది పదమూడో శతాబ్దపు రచయితల దగ్గర. మధ్యలో ఐదొందల ఏళ్లకు పైగా ఎవరూ దాని ఊసెత్తలేదు. ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ కూడా ఆ కథను నమ్మలేదు, షిబ్లీ యూరప్ వాళ్ల సాక్ష్యాన్నీ వాడుకున్నాడు.

గోదారి_గట్టు
ఆ కథ నాకు ఇప్పటికీ నెలకోసారి వాట్సాప్‌లో వస్తుంది. షిబ్లీ గారు ఉంటే గ్రూప్ అడ్మిన్ చేసేవాళ్లం.

భాస్కర్_బెజవాడ
సరే, నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఓరియంటలిస్టు అంటే చాలు శత్రువనే ధోరణి నాకు నచ్చదు. గోల్డ్‌జిహర్ హంగరీ యూదుడు. 1873-74లో తూర్పు దేశాలకు వచ్చి, కైరోలో అల్-అజహర్‌లో కూర్చుని చదువుకున్నాడు. ఇస్లాం మీద ఆయనకు ఎంతో గౌరవం. అదే మనిషి 1890లో, హదీసుల్లో చాలా భాగం తర్వాతి తరాల గొడవల్లో పుట్టిందని రాశాడు. 1950లో జోసెఫ్ షాఖ్ట్ ఇంకా ముందుకెళ్లి న్యాయానికి సంబంధించిన హదీసుల మీద అనుమానమే మొదటి సూత్రం కావాలన్నాడు. వీళ్లు గవర్నర్లు కారు, పాదిరీలు కారు. వీళ్లకు సామ్రాజ్యవాదం అనే ముద్ర వేసి తప్పించుకోవడం కాకుండా, వాదనకు వాదన చెప్పినవాళ్లెవరు?

స్రవంతి_హిస్టరీ
భాస్కర్ గారూ, సరిగ్గా నేను అడగాలనుకున్నది అడిగారు.

లైబ్రరీ_మూల
ముందు హైదరాబాదువాసి పేరే చెబుతా. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, తర్వాత జర్మనీలో బాన్‌లో, పారిస్‌లో సోర్బాన్‌లో డాక్టరేట్లు చేశాడు. 1948 తర్వాత తిరిగి రాలేదు, పారిస్‌లోనే ఉండిపోయాడు.

హదీసులు రెండు శతాబ్దాలు నోటిమాటగానే తిరిగాయి, రాత తర్వాత వచ్చింది అనేది గట్టిగా పాతుకున్న అభిప్రాయం. హమీదుల్లా దాని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. రాతప్రతులు వెతికాడు. ప్రవక్త సహచరుడు అబూ హురైరాకు శిష్యుడైన హమ్మాం ఇబ్ను మునబ్బిహ్ సేకరించిన చిన్న సంకలనం, నూట ముప్పై ఎనిమిది హదీసులున్నది, బెర్లిన్‌లో ఒక ప్రతి, డమాస్కస్‌లో ఇంకో ప్రతి దొరికాయి. రెండూ సరిచూసి 1953లో అచ్చువేశాడు. తర్వాతి పెద్ద సంకలనాల్లో హమ్మాం పేరుతో ఉన్న పాఠాలతో పోల్చి చూస్తే దాదాపు మాటకు మాట సరిపోయాయి. మధ్య తరాల వాళ్లు కల్పించి ఉంటే ఇలా ఎందుకు సరిపోవాలి అన్నది ఆయన ప్రశ్న.

భాస్కర్_బెజవాడ
కానీ దొరికిన ఆ ప్రతులు హమ్మాం కాలానివి కావుగా? శతాబ్దాల తర్వాత ఎవరో ఎత్తి రాసుకున్నవి. సరిపోయాయంటే ఇద్దరూ ఒకే చోటి నుంచి తీసుకున్నారని కూడా అర్థం చేసుకోవచ్చు.

లైబ్రరీ_మూల
అవును, ఆ అభ్యంతరం యూరప్ పండితులూ చెప్పారు, దానిలో పస ఉంది. హమీదుల్లా పనితో వ్యవహారం తేలిపోలేదు. కానీ చర్చ అభిప్రాయాల నుంచి ప్రతుల దగ్గరికి మారింది. నాకు కావాల్సింది అదే.

మోడరేటర్
ఇందాక టీవీ డిబేట్ల గురించి, ఎన్నికల గురించి వచ్చిన పోస్టులు తీసేశాను. థ్రెడ్ చాలా బాగా నడుస్తోంది, దారి తప్పించకండి.

నసీమ్_గుంటూరు
ఇంతసేపూ మగవాళ్ల పేర్లే. స్త్రీల విషయంలో జరిగింది చెప్పకపోతే ఈ చర్చ సగమే.

బ్రిటిష్ వాళ్ల తరఫున ఈజిప్టును నడిపించిన లార్డ్ క్రోమర్, ఇస్లాం స్త్రీని అణచివేసిందని, పరదా పోతే తప్ప ఆ దేశం బాగుపడదని రాశాడు. అదే క్రోమర్ అక్కడ బడి ఫీజులు పెంచి చదువును అందకుండా చేశాడు, ఆడవాళ్లు డాక్టర్లు అయ్యే అవకాశాన్ని మంత్రసాని పనికి కుదించాడు. ఇంగ్లండు తిరిగి వెళ్లాక, ఆడవాళ్లకు ఓటు వద్దనే పురుషుల సంఘానికి నాయకుడయ్యాడు! ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూపించింది లైలా అహ్మద్, ఈజిప్టులో పుట్టిన పండితురాలు, 1992లో వచ్చిన పుస్తకంలో. ఆ అధ్యాయం చదివాక నాకు రెండు రోజులు ఇంకే పనీ తోచలేదు.

ఆవిడ ముస్లిం సమాజంలో స్త్రీకి అన్యాయం జరగలేదని ఎక్కడా అనలేదు. పాత న్యాయశాస్త్రం మీద ఆవిడ విమర్శ చాలా కఠినంగా ఉంటుంది. సామ్రాజ్యం స్త్రీల కష్టాన్ని తన పనికి వాడుకుంది, దాంతో స్త్రీల కోసం మాట్లాడేవాళ్లకు ఇంట్లోనే పరాయివాళ్లనే పేరు పడింది అంటుంది. గుంటూరులో మా ఇంట్లో నేను తలాక్ గురించి మాట్లాడితే "నువ్వూ వాళ్ల మాటే అంటున్నావా" అనే చిన్నమామలు ఇప్పటికీ ఉన్నారు. ఇది నాకు పుస్తకాల విషయం కాదు.

చిత్తూరు_చిన్నమ్మి
నసీమ్ అక్కా, చివరి మాట చదివి గుండె బరువెక్కింది. మా ఇంట్లో వేరే మతం, వేరే విషయం, అదే మాట.

డల్లాస్_రఘు
నసీమ్ గారు చెప్పినదానికి ముందు భాగం ఈజిప్టు రచయిత ఖాసిం అమీన్. డ్యూక్ దార్కూర్ అనే ఫ్రెంచివాడు 1893లో ఈజిప్టును కించపరుస్తూ పుస్తకం రాస్తే, ఖాసిం అమీన్ 1894లో ఫ్రెంచిలోనే పరదాను సమర్థిస్తూ జవాబు రాశాడు. ఐదేళ్లు తిరిగేసరికి, 1899లో, అరబీలో స్త్రీ విముక్తి పుస్తకం రాసి పరదా సడలించాలన్నాడు. నేను మొదట అన్నది ఇదే. బయటివాడికి చెప్పే జవాబు ఒక దిక్కు లాగుతుంది, మన ఇంటి అవసరం ఇంకో దిక్కు లాగుతుంది.

నసీమ్_గుంటూరు
లైలా అహ్మద్ ఖాసిం అమీన్‌నీ వదల్లేదు రఘు గారూ. ఆ 1899 పుస్తకంలో ఆయన ఈజిప్టు ఆడవాళ్ల గురించి మాట్లాడే తీరు క్రోమర్‌కు దగ్గరగా ఉందని చూపించింది. అంటే వకాల్తా పుచ్చుకున్నప్పుడే కాదు, సంస్కరణ అన్నప్పుడు కూడా వాళ్ల కళ్లతోనే చూశాడన్నమాట.

డల్లాస్_రఘు
ఈ మాట నా వాదానికే బలం. ఒప్పుకుంటున్నారా లేదా :)

నసీమ్_గుంటూరు
సగం.

స్రవంతి_హిస్టరీ
సయీద్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా సెమినార్‌లో మొదలూ చివరా ఆయనే.

కర్నూలు_కరీం
సయీద్ పాలస్తీనా క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. ముస్లిం పండితుల జవాబు ఆయనతో మొదలైందనడం రెండు రకాలుగా పొరపాటు. ఆయనకంటే పదిహేనేళ్ల ముందే, 1963లో, ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుడు అన్వర్ అబ్దుల్ మాలిక్ ఓరియంటలిజం సంక్షోభంలో పడిందని ఫ్రెంచిలో రాశాడు. అదే ఏడాది పాలస్తీనా చరిత్రకారుడు తీబావీ ఇంగ్లీషు ఓరియంటలిస్టుల మీద సుదీర్ఘ విమర్శ రాశాడు. సయీద్ గొప్పతనం వేరు. ఒక్కొక్క పండితుడి తప్పు చూపించడం కాకుండా, ఆ జ్ఞానానికీ అధికారానికీ ఉన్న బంధాన్ని మొత్తంగా చూపించాడు.

సయీద్‌ను కూడా లోపలివాళ్లు నిలదీశారు. సిరియా తత్వవేత్త సాదిక్ జలాల్ అల్-అజ్మ్ 1981లో, మనవాళ్లు ఓరియంటలిజాన్ని తలకిందులుగా పట్టుకుంటున్నారన్నాడు. పడమర వాళ్లు "తూర్పువాడి స్వభావం ఇంతే" అంటే, మనం "అవును, మా స్వభావం వేరే, మీకంటే గొప్పది" అంటున్నాం. అచ్చు మారలేదు. ఇరాన్ విప్లవం వేడి చల్లారకముందే ఆ మాట రాయడానికి దమ్ము కావాలి.

భాస్కర్_బెజవాడ
అల్-అజ్మ్ మాట నాకు బాగా నచ్చింది. కానీ షాఖ్ట్ దగ్గర ఆగిపోయాం, మర్చిపోలేదు.

కర్నూలు_కరీం
షాఖ్ట్‌కు రెండు రకాల జవాబులు వచ్చాయి. పాకిస్తాన్ పండితుడు ఫజ్లుర్ రహ్మాన్ షాఖ్ట్ మాట కొంత ఒప్పుకుని, హదీసుల రూపం తర్వాతి తరాలదే అయినా వెనక ఆచరణలో ఉన్న సున్నత్ (ప్రవక్త చూపిన నడవడి) మాత్రం ప్రవక్త నుంచే వచ్చిందన్నాడు. పాకిస్తాన్‌లో గొడవలు చెలరేగి 1968లో దేశం వదలాల్సి వచ్చింది, చికాగోలో స్థిరపడ్డాడు. ఓరియంటలిస్టుల మాటలో నిజం ఉన్నంత మేర తీసుకున్నందుకు ఆయన సొంతవాళ్ల చేతిలో పడ్డ బాధ మాత్రం ఎవరూ గుర్తుచేసుకోరు.

రెండోది ముస్తఫా ఆజమీ. ఉత్తరప్రదేశ్‌లోని మవూ ఊరివాడు, దేవబంద్‌లో, అల్-అజహర్‌లో చదివి, 1966లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేశాడు. తొలి తరాల్లోనే హదీసులు రాసుకున్నవాళ్ల జాబితా తయారుచేసి పెట్టాడు. 1985లో షాఖ్ట్ మీదే ఒక పుస్తకం రాసి, ఆయన ఉదాహరణలను ఒక్కొక్కటిగా తీసుకుని ఎక్కడ మూలాన్ని తప్పుగా చదివాడో చెప్పాడు.

లైబ్రరీ_మూల
మూడోది కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అదే మవూ నుంచి హబీబుర్ రహ్మాన్ ఆజమీ అనే ఇంకో పండితుడు. పడమటి విశ్వవిద్యాలయం మొహం చూడని మద్రసా మనిషి. అబ్దుర్ రజ్జాక్ అనే తొలినాటి యెమెన్ పండితుడి హదీసు సంకలనం 'ముసన్నఫ్'ను రాతప్రతుల నుంచి పరిష్కరించి 1970ల మొదట్లో పదకొండు సంపుటాల్లో తెచ్చాడు. షాఖ్ట్ పుస్తకం రాసేనాటికి ఆ గ్రంథం అచ్చులో లేదు. జర్మన్ పండితుడు హెరాల్డ్ మోట్స్కీ దీన్నే చదివి, 1991లో షాఖ్ట్ లెక్క తప్పని వాదించాడు.

భాస్కర్_బెజవాడ
ఎలా? అచ్చయిన పుస్తకం పాతదని చెబితే సరిపోదు కదా.

లైబ్రరీ_మూల
సరిపోదు. ఆయన చేసింది ఇది. ఆ సంకలనంలో ఇబ్ను జురైజ్ అనేవాడు మక్కాలో తన గురువు అతా నుంచి విన్నవి చాలా చెబుతాడు. కొన్నిచోట్ల తనకు సందేహం ఉందంటాడు, కొన్నిచోట్ల గురువుతో విభేదిస్తాడు, ఇంకో గురువు నుంచి చెప్పేటప్పుడు శైలి, ప్రశ్న అడిగే పద్ధతి అన్నీ మారిపోతాయి. కల్పించేవాడు అన్నీ ఒకే తీరుగా, తన మాటకు బలం వచ్చేలా కల్పిస్తాడు కానీ తన సందేహాలు కూడా కల్పించుకోడు. కాబట్టి ఇవి నిజంగా విన్నవే అన్నాడు. దాంతో న్యాయచర్చ హిజ్రీ మొదటి శతాబ్దానికి వెళ్లింది.

డల్లాస్_రఘు
ఇది నాకు కొత్త. మవూలో ఒక మౌలానా ప్రతులు సరిచూడటం, దాని మీద ఒక జర్మన్ పండితుడు ఇంకో జర్మన్ పండితుడిని కాదనడం. నేను అడిగిన "ప్రశ్నలు ఎవరివి" అనేది ఇక్కడ వర్తించదు.

పాతబస్తీ_కుర్రాడు
ఇలాంటి పని మన దగ్గర కూడా జరిగిందా లైబ్రరీ అన్నా?

లైబ్రరీ_మూల
జరిగింది తమ్ముడూ. 1888లో హైదరాబాదులో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అనే అరబీ గ్రంథాల ప్రచురణ సంస్థ, ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. ఇబ్ను హజర్ రాసిన హదీసు కథకుల జీవితకోశం పన్నెండు సంపుటాలు, అల్-బిరూనీ ఖగోళ గ్రంథం అక్కడే అచ్చయ్యాయి. ఫ్రిట్జ్ క్రెంకోవ్ లాంటి ఓరియంటలిస్టు ఆ సంస్థ కోసం ప్రతులు పరిష్కరించాడు. 1927లో మొదలైన 'ఇస్లామిక్ కల్చర్' పత్రికకు సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్, ఖురాన్‌ను ఇంగ్లీషు చేసిన ముస్లిం. ఆయన తర్వాత ముహమ్మద్ అసద్. ఇద్దరూ యూరప్‌లో పుట్టి ఇస్లాం తీసుకున్నవాళ్లే.

స్రవంతి_హిస్టరీ
సెమినార్‌లో మళ్లీ మాట్లాడటానికి టైమ్ అడిగాను. సర్ సయ్యద్, వాకిదీ వాదన ఒకటి, లైలా అహ్మద్ రాసిన క్రోమర్ అధ్యాయం ఒకటి, హబీబుర్ రహ్మాన్, మోట్స్కీ వ్యవహారం ఒకటి తీసుకుంటున్నాను. అఫ్గానీని కూడా పెట్టాలా?

లైబ్రరీ_మూల
పెట్టండి. భాస్కర్ గారి అభ్యంతరంతో సహా పెట్టండి.

భాస్కర్_బెజవాడ
మోట్స్కీ గురించి ఒక జాగ్రత్త స్రవంతి గారూ. అతా మాటలు నిజమైనవే అయినా, అతా చెప్పింది ప్రవక్త అన్నారని దానితో రుజువు కాదు. మీ సెమినార్‌లో ఆ రెండూ కలిపేస్తే మొదట లేచిన పెద్దమనిషి మళ్లీ లేస్తాడు.

కర్నూలు_కరీం
ఇది ఒప్పుకోవాల్సిందే. అతా చాలాచోట్ల ప్రవక్త పేరు చెప్పకుండా తన అభిప్రాయమే చెబుతాడు, మోట్స్కీ కూడా దాన్ని దాచలేదు. స్రవంతి గారూ, ఆ భాగం మీకు ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతుంది. దొరక్కపోతే చెప్పండి, మా కాలేజీ లైబ్రరీలో ప్రతి ఉంది, కావాల్సిన పేజీలు నోట్స్ రాసి పంపిస్తాను.